ఒంట్లో నెత్తురు లేదంటే: ఒక రక్తహీనత కథ

చిన్నప్పుడు మా అమ్మ బియ్యం ఏరుతూ ఏరుతూ చేటలోంచి గుప్పెడు తీసి నోట్లో వేసుకునేది. మా నానమ్మ కంట పడితే ఊరుకునేది కాదు. "పిల్లల పెళ్ళిళ్ళకి వాన ముంచేస్తాది సూడు" అని తిట్టేది. బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందని మన వాళ్ళందరికీ తెలిసిన శాస్త్రమే కదా :) మా క్లాసులో ఒకమ్మాయి బలపాలు తినేది. మాస్టారు వీపు మీద రెండు వేసేవారు తప్ప, ఆ పిల్లకి బలపం ఎందుకు తినాలనిపిస్తోంది అని ఎవరూ అడగలేదు.

నాలుగేళ్ళ క్రితం సెలవుకి నెల్లిమర్ల వెళ్ళినప్పుడు అమ్మని తీసుకుని రామతీర్థం వెళ్ళాను. బోడికొండ మెట్లు ఎక్కుతుంటే పది మెట్లకోసారి కూర్చుంటోంది. గుండె దడదడలాడుతోందట. "ఏటి నేదురా, కాస్త నీరసం" అంది. ఆ 'కాస్త నీరసం' నాకు ఊహ తెలిసినప్పటినుంచి వింటున్న మాటే. ఆ మాట వినపడిన ప్రతిసారీ మా ఊళ్ళో ఒకాయన దగ్గర 'బలం ఇంజక్షను' ఒకటి, ఎర్ర టానిక్కు సీసా ఒకటి. ఈసారి మాత్రం పట్టుబట్టి విజయనగరంలో రక్తపరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ 6.4. ఆడవాళ్ళకి 12 ఉండాలి. అంటే దాదాపు సగం నెత్తురుతో అమ్మ ఇన్నేళ్ళు ఇంటెడు చాకిరీ చేసింది. మేమేమో ఆవిడకి కాస్త బద్ధకం అనుకున్నాం. నాన్న అనుకున్నారు, నానమ్మ అనుకుంది. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, నేనూ అనుకున్నాను.

తర్వాత ఈ రక్తహీనత గురించి దొరికినంత చదివాను. చదువుతుంటే ఒకటి అర్థమైంది. రక్తహీనత అసలు ఒక జబ్బు కాదు. మన భాషలో చెప్పాలంటే అది లాగ్‌లో కనిపించే ఎర్రర్ మెసేజీ. వెనకాల కారణాలు డజను ఉంటాయి. ఆ డజను కారణాల్ని ఒక్కొక్కటిగా విడదీయడానికి మనుషులకి వందల ఏళ్ళు పట్టింది. ఆ కథలో మన తెలుగాయన ఒకరున్నారు. మన దేశపు మిల్లు కార్మికులూ ఉన్నారు.

పాండురోగం నుంచి మేకు ముక్క దాకా

మన ఆయుర్వేదంలో దీన్ని పాండురోగం అన్నారు. పాండు అంటే పాలిపోయిన రంగు. పాండురాజుకి ఆ పేరు వచ్చింది కూడా ఆ రంగు వల్లే. మన వైద్యులు మందుగా ఇచ్చినవాటిలో లోహభస్మం, మండూర భస్మం ఉన్నాయి. రెండూ ఇనుముకి సంబంధించినవే. ఎందుకు పనిచేస్తుందో తెలియకపోయినా, ఏది పనిచేస్తుందో అనుభవం మీద పట్టుకున్నారన్నమాట.

ఐరోపా వాళ్ళ కథ వేరు. అక్కడ వయసులో ఉన్న ఆడపిల్లలు పాలిపోయి, ఆయాసపడుతూ, తినకూడనివి తింటూ ఉండటాన్ని 1554లో యోహానెస్ లాంగే అనే వైద్యుడు 'కన్యల జబ్బు' అన్నాడు. ఆయన చెప్పిన వైద్యం ఏంటో తెలుసా? పెళ్ళి చేసెయ్యడం! నవ్వొస్తుంది కానీ మన ఊళ్ళలో "పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అనే మాట ఇంకా వినపడుతూనే ఉంది. 1681లో థామస్ సిడెన్‌హామ్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఇనుప రజను ద్రాక్షసారాయిలో నానబెట్టి తాగించమన్నాడు. 18వ శతాబ్దంలో ఇటలీలో మెంఘినీ అనే ఆయన ఎండిన నెత్తురు పొడికి అయస్కాంతం పెట్టి చూసి, నెత్తుట్లో ఇనుముందని చూపించాడు. 1832లో పియర్ బ్లో అనే ఫ్రెంచి వైద్యుడు ఇనుప మాత్రలు తయారుచేశాడు. ఇవాళ పీహెచ్‌సీలో ఇచ్చే ఐరన్ మాత్రకి ముత్తాత అదే.

ఇక్కడ కాస్త లెక్క చూద్దాం. మన ఒంట్లో ఉండే ఇనుము మొత్తం 3 నుంచి 4 గ్రాములు. ఒక చిన్న మేకంత. అందులో ఎక్కువ భాగం హిమోగ్లోబిన్లోనే ఉంటుంది. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అది చచ్చాక దాంట్లో ఇనుమును ఒళ్ళు పారెయ్యదు, మళ్ళీ వాడుకుంటుంది. రోజుకి బయటికి పోయేది సుమారు 1 మిల్లీగ్రాము. తిండినుంచి రావలసిందీ అంతే. ఇంత పొదుపైన సిస్టమ్‌లో ఒకటే లీకు, అది నెత్తురు పోవడం. 2 మిల్లీలీటర్ల నెత్తురు పోతే 1 మిల్లీగ్రాము ఇనుము పోయినట్టు. నెలసరిలో మామూలుగా 40 మిల్లీలీటర్లు పోతుందనుకుంటే అది 20 మిల్లీగ్రాములు. అందుకే ఐసీఎంఆర్ వాళ్ళ 2020 లెక్కల్లో మగవాడికి తిండిలో రోజుకి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలంటే ఆడవాళ్ళకి 29 కావాలి. మరి మన ఇళ్ళల్లో ఆఖరున తినేదెవరు? కూర అయిపోతే చారుతో సరిపెట్టుకునేదెవరు? 29 కావలసినవాళ్ళే.

కాళ్ళకి చెప్పులు లేకపోతే నెత్తురెందుకు తగ్గుతుంది?

1838లో మిలాన్‌లో డుబీనీ అనే వైద్యుడు ఒక శవపరీక్షలో పేగుల్లో చిన్న పురుగుల్ని చూశాడు. మనం కొంకిపురుగులు అంటాం. అవే రక్తహీనతకి కారణమని గట్టిగా తేలడానికి ఇంకో 40 ఏళ్ళు పట్టింది. 1880 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌లో గొతార్డ్ సొరంగం తవ్విన కూలీలు పాలిపోయి కూలబడిపోతుంటే, పెరొంచీతో అనే శాస్త్రవేత్త ఆ పురుగులే కారణమని తేల్చాడు. చివరి ముడి కైరోలో విడింది. ఆర్థర్ లూస్ అనే ఆయన ప్రయోగం చేస్తుంటే పురుగుల పిల్లలున్న నీళ్ళు ఆయన చేతి మీద పడ్డాయి. ఆ చోట దురద పుట్టింది. తర్వాత ఆయనకే ఆ జబ్బు వచ్చింది. అంటే పురుగు చర్మంలోంచి లోపలికి పోతోందన్నమాట!

ఇక పొలాల్లో, తోటల్లో, గట్ల మీద ఒట్టి కాళ్ళతో తిరిగే మన జనం సంగతి చెప్పాలా? నెకేటర్ అనే రకం పురుగు ఒక్కొక్కటి రోజుకి 0.03 మిల్లీలీటర్ల నెత్తురు తాగుతుంది. ఏముందిలే అనిపిస్తుంది. వంద పురుగులుంటే 3 మిల్లీలీటర్లు. పైన చెప్పిన లెక్క ప్రకారం రోజుకి 1.5 మిల్లీగ్రాముల ఇనుము. లోపలికి వచ్చేదాని కన్నా పోయేది ఎక్కువ. అలాంటి మనిషికి ఎన్ని టానిక్కులు పోస్తే ఏం లాభం, చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే. దానికి కావలసింది ఒక ఆల్బెండజోల్ మాత్ర, ఒక మరుగుదొడ్డి, ఒక జత చెప్పులు. 2015 నుంచి ఫిబ్రవరి 10న బళ్ళలో పిల్లలకి పురుగుల మాత్రలు వేస్తున్నది అందుకే.

బొంబాయి మిల్లులు, ఒక సీసా మార్మైట్

నెల్లిమర్ల అంటే జూట్ మిల్లు. చిన్నప్పటినుంచి మా ఊళ్ళో టైము చెప్పింది మిల్లు సైరనే. అందుకే లూసీ విల్స్ కథ చదువుతున్నప్పుడు కాసేపు ఆగిపోయాను. ఆవిడ ఇంగ్లండు డాక్టరు. 1928లో బొంబాయి వచ్చింది. గుడ్డల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో తీవ్రమైన రక్తహీనత ఉంది, చాలామంది చచ్చిపోతున్నారు. ఎందుకో కనుక్కోవాలి. హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్లో పని మొదలుపెట్టింది. 1929లో కొన్నాళ్ళు కూనూరులో, 1931లో మద్రాసు ట్రిప్లికేన్‌లోని ఆడవాళ్ళ ఆస్పత్రిలో పనిచేసింది.

ఈ జబ్బులో తమాషా ఏంటంటే ఎర్రకణాలు పెద్దవిగా ఉంటాయి. ఇనుము తక్కువైతే కణాలు చిన్నవవుతాయి. ఇక్కడ ఉల్టా. ఇనుమిస్తే పనిచెయ్యదు. విల్స్ ముందు క్రిమి ఏమైనా కారణమా అని వెతికింది, కాదని తేలింది. తర్వాత వాళ్ళేం తింటున్నారో చూసింది. పేదవాళ్ళ తిండిలో కూరగాయలు, పళ్ళు, పాలు బాగా తక్కువ. అదే తిండి కోతులకి పెడితే వాటికీ జబ్బు వచ్చింది. ఆ కోతుల్లో దేనికి తగ్గుతోందో చూస్తే, మార్మైట్‌కి! అంటే బ్రెడ్డు మీద రాసుకునే నల్లటి, ఉప్పటి ఈస్టు ముద్ద. రోగులకిచ్చి చూసింది. రోజుల్లో తేరుకున్నారు. 1931లో ఆ సంగతి అచ్చయింది. ఆ తెలియని పదార్థానికి చాలాకాలం 'విల్స్ ఫాక్టర్' అనే పేరు నడిచింది.

అదేంటో తెలియడానికి పదేళ్ళు పట్టింది. 1941లో అమెరికాలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే ముగ్గురు 4 టన్నుల పాలకూర లాంటి ఆకుల్ని ఉడికించి పిండి కొంచెం పదార్థం తీశారు. లాటిన్లో ఫోలియం అంటే ఆకు. అందుకని ఫోలిక్ యాసిడ్ అన్నారు. ఆకు ఆమ్లం. మా వైపు గోగు నార మిల్లుకి పోతుంది, గోగు జాతి ఆకు గోంగూరై కుండలోకి వస్తుంది. నాకెందుకో ఆ పేరు మా ఊరికి బాగా నప్పిందనిపిస్తుంది. కాకపోతే గోంగూర తింటే చాలు అనుకోకండి. ఆకుల్లోని ఫోలేట్ ఎక్కువసేపు ఉడికిస్తే చాలావరకు పోతుంది. గోంగూరలో పులుపునిచ్చే పదార్థాల్లో ఒకటైన ఆక్సాలిక్ ఆమ్లం దాంట్లోని ఖనిజాల్ని పూర్తిగా ఒంటబట్టనివ్వదు.

భీమవరం నుంచి వచ్చినాయన

ఇప్పుడు ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి పాసయ్యారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ ఖాదీ వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ బదులు దానికన్నా తక్కువైన ఎల్ఎంఎస్ డిగ్రీతో బయటికొచ్చారు. ఈ లోపల ఇంట్లో ఘోరం జరిగింది. రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. మన వాళ్ళు గ్రహణి అంటారు. పేగులు తిండిని ఒంటబట్టనివ్వవు, విరేచనాలు, మనిషి పాలిపోయి చిక్కిపోతాడు. సుబ్బారావు గారికీ అదే జబ్బు వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. తర్వాత మద్రాసులో ఆయుర్వేద కాలేజీలోనే కొన్నాళ్ళు పాఠాలు చెప్పారు.

1922లో అమెరికా వెళ్ళారు. మామగారి సాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం. బోస్టన్‌లో బతకడానికి రాత్రిపూట ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేశారు. పగలు హార్వర్డ్. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1929లో ఒంటికి శక్తినిచ్చే ఏటీపీని వేరుచేశారు. మనం స్కూల్లో చదివిన ఏటీపీ అదే. అయినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీ ల్యాబుకి వెళ్ళారు.

అదే బోస్టన్‌లో 1926లో మైనట్, మర్ఫీ అనే డాక్టర్లు ఇంకో సంచలనం చేశారు. పెర్నీషియస్ ఎనీమియా అని ఒకటుండేది, వస్తే చావే. ఆ రోగులకి రోజుకి అరపౌను దాకా కాలేయం, అంటే మన లివర్ వేపుడు సరుకే, తినిపిస్తే బతికారు. 1934లో విపుల్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. కాలేయంలో ఏముందో పట్టుకోవాలని అప్పట్లో ఎన్ని ల్యాబులు తిరగలేదు! సుబ్బారావు గారు కూడా హార్వర్డ్ రోజులనుంచి ఏళ్ళ తరబడి ఆ కాలేయం సారంతోనే కుస్తీ పట్టారు. లెడర్లీలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ని శుద్ధంగా వేరుచేసి, 1945లో ల్యాబులో తయారుచేసింది. బొంబాయి మిల్లుల్లో వచ్చిన ఆ జబ్బుకీ, స్ప్రూలో వచ్చే రక్తహీనతకీ మందు దొరికింది. తోడబుట్టినవాళ్ళని తీసుకుపోయిన జబ్బుకి మందు దొరికేసరికి పాతికేళ్ళు దాటింది.

అక్కడితో ఆగలేదు. ఫోలిక్ యాసిడ్ ఇస్తే లుకేమియా కణాలు ఇంకా పెరుగుతున్నాయని సిడ్నీ ఫార్బర్ గమనించాడు. అయితే దానికి విరుగుడుగా పనిచేసేది ఇస్తే? సుబ్బారావు గారి బృందం అమినోప్టెరిన్, తర్వాత మెథోట్రెక్సేట్ తయారుచేసింది. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి మొదటి కీమోథెరపీ అలా పుట్టింది. మా విజయనగరం, శ్రీకాకుళం తీరంలో బోదకాలుకి ఏటా పంచిన డీఈసీ మాత్ర కూడా లెడర్లీలో ఆయన ఆధ్వర్యంలో వచ్చిందే. 1948 ఆగస్టులో 53 ఏళ్ళకే పోయారు. మళ్ళీ ఇండియాకి రాలేదు.

ఒకే ఎర్రర్, రెండు బగ్గులు

ఆ 1948లోనే కాలేయం అసలు గుట్టు బయటపడింది. అందులో పెర్నీషియస్ ఎనీమియాని తగ్గించేది బీ12. అమెరికాలో మెర్క్, ఇంగ్లండులో గ్లాక్సో దాదాపు ఒకేసారి పట్టుకున్నాయి. ఇక్కడే ఒక ప్రమాదం ఉంది, మన ఐటీ జనాలకి బాగా అవసరమైనది. ఫోలిక్ యాసిడ్ లోపంలోనూ, బీ12 లోపంలోనూ కణాలు పెద్దవే అవుతాయి. బీ12 లోపం ఉన్నవాడికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడుతుంది, రిపోర్టు పచ్చగా కనిపిస్తుంది. లోపల నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి. చేతులు కాళ్ళు తిమ్మిర్లు, నడకలో తడబాటు, మతిమరుపు. టెస్టు పాసయ్యేలా కోడ్‌కి అతుకు వేసి, బగ్‌ని అలాగే వదిలేసినట్టు. బీ12 మొక్కల్లో దొరకదు. గుడ్డు, మాంసం, చేప, పాలలోనే. శాకాహారులై, పాలు పెరుగు కూడా సరిగ్గా తినకుండా హాస్టలు భోజనంతో బతికేవాళ్ళు తిమ్మిర్లని కీబోర్డు మీద తోసెయ్యకండి, ఒకసారి బీ12 చూపించుకోండి.

ఇంకో రకం కూడా ఉంది. తలసీమియా, సికిల్ సెల్ లాంటివి పుట్టుకతో, వంశంలో వస్తాయి. సికిల్ సెల్ మన దేశంలో మొదట 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. మా ఏజెన్సీ గిరిజనుల్లోనూ ఉంది. 2023 జూలై 1న కేంద్రం దీని నిర్మూలనకి ఒక మిషన్ మొదలుపెట్టింది. తలసీమియా లక్షణం ఉన్నవాళ్ళకి కూడా కణాలు చిన్నవిగానే ఉంటాయి. ఇనుము లోపమేమో అని ఊరికే ఐరన్ మాత్రలు మింగించడం మంచిది కాదు. కారణం తెలియకుండా మందు వెయ్యకూడదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

మళ్ళీ మా ఇంటికి

అమ్మకి ఏమైందో తేలడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. కణాలు చిన్నవి, ఇనుము నిల్వలు దాదాపు లేవు. స్కాన్‌లో గర్భసంచిలో గడ్డలు. ఏళ్ళ తరబడి నెలసరిలో విపరీతంగా నెత్తురు పోతోంది. ఆ సంగతి అమ్మ ఎవరికీ చెప్పలేదు. అసలు అడిగిందెవరని? ఆ టానిక్కులు రాసినాయన కూడా అడగలేదు. అమ్మ అన్నం తినగానే టీ తాగేది, టీ వల్ల తిండిలో ఉన్న కాస్త ఇనుమూ సరిగా ఒంటబట్టదు. ఆపరేషను, ఐరన్ ఇంజక్షన్లు, మాత్రలు అయ్యాక ఆర్నెల్లకి 12.1.

ఒకరోజు ఫోన్లో తనే చెప్పింది, "ఇప్పుడు బియ్యం తినబుద్ధి అవట్నేదురా" అని. నాకు అప్పుడు వెలిగింది. బియ్యం, బలపం, మట్టి, ఐసు ముక్కలు.. ఇలాంటివి తినాలనిపించడం ఇనుము లోపానికి పాత లక్షణం. ఇనుము నిండితే ఆ కోరికా పోతుంది. నానమ్మ ఇరవయ్యేళ్ళు తిట్టింది ఒక లక్షణాన్నన్నమాట. నా పెళ్ళికి వాన వస్తుందో రాదో ఇంకా తేలలేదు, అది వేరే సంగతి :)

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. దేశంలో గర్భిణులకి ఐరన్, ఫోలిక్ మాత్రలివ్వడం 1970లో మొదలైంది. అర్ధశతాబ్దం దాటినా సగం మందికి పైగా ఇలాగే ఉన్నారంటే, మాత్రలు లేక మాత్రమే కాదు. మాత్ర వేసుకుంటే కడుపులో వికారం, మలం నల్లగా రావడం, దాంతో భయపడి పారెయ్యడం. బలవర్ధక బియ్యం ఇస్తే ప్లాస్టిక్ బియ్యం అని పుకారు. అన్నిటికన్నా ముందు, ఆడదానికి నీరసం మామూలే అనే నమ్మకం.

మొదట మారాల్సింది ఆ నమ్మకమే అని నా అభిప్రాయం. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మనో, అక్కనో, అత్తనో ఆయాసం వస్తోందా, నెలసరి ఎలా ఉంటోంది అని అడగండి. సిగ్గుపడొద్దు. పూర్తి రక్తపరీక్షకి అయ్యేది మనం వారాంతంలో ఒక బిర్యానీకి పెట్టేంత. రిపోర్టులో హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి వదలకండి, కణం సైజు చెప్పే ఎంసీవీ కూడా చూడండి. 80 కన్నా తక్కువైతే కణాలు చిన్నవి, 100 దాటితే పెద్దవి. ఆ రిపోర్టు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళి, మందు రాసేముందు ఒక్క మాట అడగండి. ఎందుకు తగ్గింది? అని.